పాలపళ్ళు పుచ్చకుండా: మొదటి పన్ను నుంచి ఆరో ఏడు దాకా ఇంట్లో చేయవలసిన పనులు, వరుసగా

మా పెద్దవాడికి రెండున్నరేళ్ళప్పుడు పై వరుస ముందుపళ్ళు నాలుగూ చిగురు దగ్గర గోధుమరంగుకు తిరిగాయి. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ నమ్మాను. ఆరు నెలలు తిరిగేసరికి వాటిలో రెండు మొదలంటా విరిగాయి, ఒకదాని పైన చిగురుకు చీము పొక్కు లేచింది.

చిన్నదానికి ఇప్పుడు ఐదేళ్ళు. అదే ఇల్లు, అదే వంట, అవే నీళ్ళు. దానికి ఒక్క పన్నూ పుచ్చలేదు. మధ్యలో ఏం మార్చారని అడిగిన వాళ్ళందరికీ ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అన్నీ ఒకచోట, చేయవలసిన వరుసలో రాస్తున్నాను.

ఇందులో ఏది కుదరకపోయినా ఒక్కటి మాత్రం వదలకండి. రాత్రి నిద్రకు ముందు బిడ్డ పళ్ళను ఆఖరున తాకేది బ్రష్షే కావాలి. ఏడాది నిండిన బిడ్డకైతే ఆ తర్వాత తెల్లవారేదాకా నీళ్ళు తప్ప మరేదీ నోట్లోకి వెళ్ళకూడదు; తల్లిపాల సంగతి ఐదో మెట్టులో చెబుతాను.

## 1. పన్ను ఎలా పుచ్చుతుందో ముందు తెలుసుకోండి

పంటిలో పురుగు ఉండదు. పొద్దున లేవగానే నాలుకకు జిగటగా తగిలే పొరను మనం పాచి అంటాం. పుచ్చు మొదలయ్యేది ఆ పాచిలోనే. అందులోని సూక్ష్మజీవులు, ముఖ్యంగా స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అనేవి, మనం తినే చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది.

తీపి తగిలిన కొన్ని నిమిషాలకే నోట్లో ఆమ్లత పెరుగుతుంది. ఆమ్లతను కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు. పీహెచ్ దాదాపు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ తర్వాత కరిగినదానిలో కొంత తిరిగి పూడుతుంది కూడా.

అందుకే ఎంత తీపి తిన్నారు అన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారు అన్నదే పళ్ళకు ఎక్కువ ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డూ మొత్తం తినేస్తే పళ్ళు ఒకసారి దెబ్బ తిని కోలుకుంటాయి. ఒక్క బిస్కెట్ ప్యాకెట్టునే చేతిలో పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొరుకుతూ తిరిగితే కోలుకునే వ్యవధే దొరకదు.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయిన బిడ్డకు పై ముందుపళ్ళ చుట్టూ పాలు నిలిచిపోతాయి. కింది ముందుపళ్ళకు నాలుక అడ్డుగా ఉంటుంది, దాని కిందనే లాలాజలం ఊరుతుంది. అందుకే చిన్నపిల్లల్లో పుచ్చు మొదట పై ముందుపళ్ళలో కనిపిస్తుంది, కింది ముందుపళ్ళు చాలాకాలం బాగానే ఉంటాయి.

పాలపంటి ఎనామెల్ మందం శాశ్వత పంటి ఎనామెల్‌లో దాదాపు సగమే. కాబట్టి పెద్దవాళ్ళ పంటిలో ఏళ్ళు పట్టే నష్టం పిల్లల్లో నెలల్లో జరిగిపోతుంది.

ఇక ఊడిపోయే పళ్ళే కదా అన్న మాట. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. దవడ పాలపళ్ళు మాత్రం పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నమలడం వాటితోనే. కింద తయారవుతున్న శాశ్వత పళ్ళకు చోటు పట్టి ఉంచేవీ అవే. మూడేళ్ళకు పుచ్చిన దవడ పన్నును వదిలేస్తే ఇంకో ఏడెనిమిదేళ్ళు ఆ నొప్పితో గడపమన్నట్టే.

మీ బిడ్డకు ముప్పు ఎంత? ఇందులో ఎన్ని ఉన్నాయో చూసుకోండి

- ఏడాది దాటినా రాత్రిళ్ళు పాలసీసాతో నిద్రపోతుంది
- పాలలో పంచదార, బెల్లం లేదా మాల్టు పొడి కలుపుతున్నారు
- భోజనాల మధ్య రోజుకు రెండుసార్లకు మించి ఏదో ఒకటి తింటూనే ఉంటుంది
- అన్నం బుగ్గన పెట్టుకుని చాలాసేపు ఉంచుకునే అలవాటు ఉంది
- బ్రష్ చేసుకోవడం బిడ్డకే వదిలేశారు
- ముందుపళ్ళ మీద పాచి పొర కంటికి కనిపిస్తోంది
- అమ్మకో, బిడ్డను ఎక్కువగా చూసుకునేవారికో ప్రస్తుతం పుచ్చుపళ్ళు ఉన్నాయి
- నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టింది. ఇలాంటి పిల్లల్లో ఎనామెల్ బలహీనంగా ఏర్పడే అవకాశం ఎక్కువ
- తరచూ తియ్యటి సిరప్‌లు వాడవలసి వస్తోంది
- ఇప్పటికే ఒక పన్ను పుచ్చింది

చివరిది ఉంటే మిగతావి లెక్కపెట్టకుండానే ఎనిమిదో మెట్టుకు వెళ్ళి డాక్టరు దగ్గర సమయం తీసుకోండి. ఒక పన్ను పుచ్చిన నోట్లో మరొకటి పుచ్చే అవకాశం చాలా ఎక్కువ.

## 2. ముందుగా సమకూర్చుకోవలసినవి

- చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న పిల్లల బ్రష్షు. కుచ్చు విచ్చుకుంటే వెంటనే, లేకపోతే మూడు నెలలకు ఒకసారి మార్చండి.
- ఫ్లోరైడ్ (ఎనామెల్‌ను గట్టిపరిచే ఖనిజం) ఉన్న టూత్‌పేస్టు.
- శుభ్రమైన పలుచటి నూలుగుడ్డ ముక్కలు.
- ఫోను టార్చి లేదా చిన్న టార్చిలైటు.
- మూత లేని చిన్న గ్లాసు. గొట్టం ఉన్న సిప్పర్ వద్దు, అది పాలసీసాకు అన్నదమ్ములాంటిదే.

పేస్టు దగ్గర ఒక నిమిషం ఆగుదాం. మన దేశంలో అమ్మే టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పిపిఎం (అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) మించకూడదని, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలని నిబంధన ఉంది. పుచ్చును ఆపడానికి దాదాపు 1000 పిపిఎం కావాలి. రంగురంగుల బొమ్మలతో అమ్మే పిల్లల పేస్టులు కొన్నింటిలో అందులో సగమే ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. బొమ్మ చూసి కాదు, ఆ అంకె చూసి కొనండి. ఇంట్లో పెద్దలు వాడే మామూలు ఫ్లోరైడ్ పేస్టే సరైన పరిమాణంలో బిడ్డకూ పనికొస్తుంది, మరీ ఘాటుగా లేకపోతే చాలు.

పళ్ళపొడి, ఉప్పు, బొగ్గు, బూడిద పిల్లల పళ్ళకు వద్దు. గరుకు పొడులు పలుచటి ఎనామెల్‌ను అరగదీస్తాయి.

## 3. నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

దీనికి రెండు నిమిషాలు చాలు. నేను చేయకపోవడం వల్ల నష్టపోయిన పని ఇదే.

1. పగటి వెలుగు పడే కిటికీ దగ్గర కూర్చోండి. బిడ్డ తల మీ ఒడిలో, కాళ్ళు అవతలికి ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టండి.
2. చూపుడువేలితో పై పెదవిని ముక్కు వైపు ఎత్తండి. పళ్ళు, చిగురు కలిసే అంచు పూర్తిగా కనిపించాలి.
3. నూలుగుడ్డతో పళ్ళను తుడిచి తడి లేకుండా చేయండి. తడి పన్ను మీద తొలి మచ్చ కనిపించదు. ఆరిన పన్ను మీద మాత్రమే బయటపడుతుంది.
4. ముందుపళ్ళ వెనుక వైపు, దవడ పళ్ళ పైన గాడుల్లో టార్చి వేసి చూడండి.

ఇక ఏం వెతకాలి? చిగురు అంచు వెంట సుద్దముక్కతో గీసినట్టు మెరుపు లేని తెల్లటి గీత. అదే పుచ్చు మొదటి మెట్టు. మిగతా పన్ను తళతళలాడుతుంటే ఆ గీత ఒక్కటే వెలిసిన సున్నంలా ఉంటుంది. ఈ దశలో దొరికితే రంధ్రం పడకుండానే ఆపవచ్చు, వెనక్కి మళ్ళించవచ్చు కూడా. గీత పసుపుకో గోధుమరంగుకో తిరిగి గరుకుగా తగిలితే పైపొర దెబ్బతిన్నట్టు అనుకోవాలి. గుంట కనిపిస్తే, చిగురు మీద పొక్కు కనిపిస్తే ఇంటి పని దాటిపోయినట్టే, డాక్టరుకు చూపించాలి.

పుచ్చులా కనిపించి పుచ్చు కానివి

- ఐరన్ సిరప్ వాడే పిల్లల పళ్ళ మీద నల్లటి చారలు. ఇవి పైపైన పట్టిన మరకలు, డాక్టరు శుభ్రం చేస్తారు.
- కిందపడి దెబ్బ తగిలిన ముందుపన్ను ఒక్కటే బూడిదరంగుకు మారడం. ఇది లోపలి నరానికి తగిలిన దెబ్బ, దీన్ని కూడా చూపించాలి.
- రెండు వైపులా ఒకే తీరున మబ్బులా పరుచుకున్న తెల్లటి మచ్చలు. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ళ వల్ల ఇలా రావచ్చు.

తేడా తెలియకపోతే ఫోటో తీసి ఉంచుకోండి. వచ్చే నెల ఫోటో పక్కన పెట్టి చూస్తే మచ్చ పెరుగుతోందో లేదో తేలుతుంది.

## 4. బ్రష్ చేసే పద్ధతి

మొదటి పన్ను సాధారణంగా ఆరో నెల చుట్టుపక్కల వస్తుంది. పన్ను చిగురు నుంచి తొంగిచూసిన రోజే బ్రష్షు మొదలుపెట్టాలి. దానికి ముందు తడిగుడ్డతో చిగుళ్ళు తుడిచే అలవాటు చేస్తే బిడ్డ నోట్లో చేయి పెట్టనిస్తుంది. రెండున్నర నుంచి మూడేళ్ళ మధ్య ఇరవై పాలపళ్ళూ వచ్చేస్తాయి.

పేస్టు ఎంత?

- మూడేళ్ళ లోపు: బియ్యపు గింజంత
- మూడు నుంచి ఆరేళ్ళ దాకా: బఠాణీ గింజంత

ప్రకటనల్లో చూపించినట్టు కుచ్చు పొడవునా పరిచేది కాదు. పేస్టును కుచ్చు లోపలికి వేలితో అదిమితే బిడ్డ నాకి మింగేయకుండా ఉంటుంది. గింజంత పేస్టులో కొంత మింగినా కంగారు అక్కర్లేదు. ట్యూబు మాత్రం చేతికి అందనివ్వకండి.

వరుస

1. బిడ్డను ఒడిలో పైన చెప్పినట్టే పడుకోబెట్టండి. మూడేళ్ళు దాటినవారైతే అద్దం ముందు నిలబెట్టి మీరు వెనుక నిలబడి, వారి తలను మీ పొట్టకు ఆనించుకోండి.
2. ఒక చేత్తో పెదవి ఎత్తి పట్టుకోండి. రెండో చేత్తో బ్రష్షును సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా ఆనించండి.
3. చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. పై ముందుపళ్ళతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఎక్కువ ముప్పు వాటికే. బిడ్డ మధ్యలో తిరగబడినా ముఖ్యమైన పని అయిపోయి ఉంటుంది.
4. తర్వాత పై దవడ పళ్ళ బయటి వైపు, లోపలి వైపు, నమిలే భాగం. ఆ తర్వాత కింద కూడా అలాగే.
5. రెండు దవడ పళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే బ్రష్షు సందులోకి వెళ్ళదు. అక్కడ రాత్రిపూట పిడి ఉన్న దంత దారంతో ఒకసారి శుభ్రం చేయండి.
6. మిగిలిన నురుగు ఉమ్మించండి. నీళ్ళతో పుక్కిలించవద్దు. పంటి మీద మిగిలే ఆ పలుచటి ఫ్లోరైడ్ పొరే రాత్రంతా పనిచేస్తుంది. ఉమ్మడం రాని పిల్లలకు తడిగుడ్డతో పైన తుడిస్తే సరిపోతుంది.

మొత్తం రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. పొద్దున ఒకపూట తొందరలో సరిగ్గా కుదరకపోవచ్చు. రాత్రిది మాత్రం తప్పనివ్వకండి.

ఎన్నేళ్ళ దాకా మనమే చేయాలి? ఏడెనిమిదేళ్ళ దాకా. చొక్కా గుండీలు తనే పెట్టుకుని, బూట్ల తాడు తనే కట్టుకోగలిగిన వయసు వస్తేనే వేళ్ళు ఆ పనికి సిద్ధమైనట్టు. అంతకుముందు బిడ్డ తనే చేస్తానంటే చేయనివ్వండి, మురిసిపొండి, ఆ తర్వాత మీరు ఇంకోసారి చేయండి.

ఏడ్చి గోల చేస్తే

మా చిన్నది ఏడాదిన్నరప్పుడు పెదవులు బిగించేసేది. బలవంతపెడితే రెండో రోజు బ్రష్షు చూడగానే పారిపోయింది. అప్పుడు నా బ్రష్షు దాని చేతికిచ్చి నా పళ్ళు తోమమన్నాను. అది నా నోట్లో తిప్పుతుండగా నేను దాని నోట్లో తిప్పాను. పది రోజులు అలా సాగింది. ఆ తర్వాత ఒక్కో పంటికి ఇంట్లోవాళ్ళ పేరు పెట్టాం: ఇది తాతయ్య పన్ను, ఇది అత్త పన్ను, ఇది నాన్న పన్ను. ఎవరి పన్నయినా మరిచిపోతే అదే గుర్తుచేసేది.

నిద్ర ముంచుకొచ్చాక చేయాలని చూడకండి. రాత్రి భోజనం కాగానే, మెలకువగా ఉత్సాహంగా ఉన్నప్పుడే చేసేయండి.

## 5. రాత్రి పాలసీసా మాన్పించడం

ఇళ్ళలో గొడవ జరిగేది ఇక్కడే, కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. ఇది ఏడాది నిండిన పిల్లలకు మాత్రమే. ఏడాది లోపు బిడ్డ పాలలో నీళ్ళు కలిపి పలుచన చేయకూడదు, పోషణ దెబ్బతింటుంది.

మొదటి వారం: తీపి తీసేయండి. సీసా పాలలో పంచదార వేసే అలవాటు ఉంటే రోజుకు కొంత చొప్పున తగ్గించి వారంలో పూర్తిగా ఆపండి. బెల్లం, తాటిబెల్లం, తేనె, ఖర్జూరం పొడి మంచివని మార్చుకుంటే లాభం లేదు, పంటికి అన్నీ ఒకటే చక్కెర. మాల్టు పొడుల డబ్బా మీద చేర్చిన చక్కెర ఎంతో చదవండి. నాలుగు గ్రాములంటే దాదాపు ఒక టీ చెంచా.

రెండో వారం: పాలను ముందుకు జరపండి. కడుపు నిండటానికి ఇచ్చే పాలు రాత్రి భోజనంతోనే, గ్లాసులో ఇవ్వండి. తర్వాత బ్రష్షు. తర్వాత కథ, జోల.

ఆ తర్వాత పది రోజులు: నిద్రలో అడిగే సీసాను పలుచన చేయండి.

- మొదటి మూడు రాత్రులు: ముప్పాతిక పాలు, పావు నీళ్ళు
- తర్వాతి మూడు రాత్రులు: సగం, సగం
- ఆ తర్వాత మూడు రాత్రులు: పావు పాలు, ముప్పాతిక నీళ్ళు
- పదో రాత్రి నుంచి: ఉత్త నీళ్ళు

ఉత్త నీళ్ళ కోసం నిద్ర లేవడం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు. మా పెద్దవాడు మూడు రాత్రులు ఏడ్చాడు, నాలుగో రాత్రి సీసాను మంచం కిందికి విసిరి పడుకున్నాడు. మరుసటి రోజు పొద్దున దోసె రెండింతలు తిన్నాడు. రాత్రంతా పాలు తాగే పిల్లలకు పొద్దున ఆకలి ఉండదని అప్పుడు అర్థమైంది.

ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఏడుపు చూడలేక సీసా ఇచ్చేస్తే లెక్క మొదటికొస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందే వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. మా అత్తగారికి పంటి మీది గోధుమ మచ్చ టార్చి వేసి చూపించాను. ఆ తర్వాత సీసాను దాచిపెట్టింది ఆవిడే.

తల్లిపాల సంగతి. తల్లిపాలు మానిపించమని ఎవరైనా అంటే వినకండి. రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది దాకా తల్లిపాలు తాగిన పిల్లలకు పుచ్చు ముప్పు తక్కువే. అయితే ఏడాది దాటాక రాత్రంతా అడిగినప్పుడల్లా తాగుతూ నిద్రపోయే పిల్లల్లో ముప్పు పెరుగుతుంది. కాబట్టి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేయండి, రాత్రి పాలిచ్చే సార్లు నెమ్మదిగా తగ్గించండి, బిడ్డ నిద్రలోకి జారగానే రొమ్ము తప్పించండి.

## 6. పగటి తిండికి వేళలు

మూడు భోజనాలు, రెండు చిరుతిళ్ళు. వాటి మధ్య కనీసం రెండు గంటలు నీళ్ళు తప్ప మరేమీ వద్దు. మొత్తం నియమం ఇంతే.

భోజనం అరగంటలో ముగియాలి. ఫోను చూపిస్తూ గంటన్నర సేపు ముద్దలు పెడితే బిడ్డ మింగడం మరిచిపోతుంది, అన్నం బుగ్గన నిలిచిపోతుంది. మెత్తటి పిండిపదార్థం లాలాజలంలో నానితే అదీ చక్కెరగానే మారుతుంది. చివరి ముద్ద అయ్యాక ఒకసారి వేలు పెట్టి బుగ్గ లోపల తడిమి చూడండి. మా పెద్దవాడి బుగ్గలో మధ్యాహ్నం పప్పన్నం సాయంత్రం నాలుగింటికి దొరికిన రోజులు ఉన్నాయి.

చిరుతిండికి: ఇడ్లీ, పెరుగు, ఉడికించిన గుడ్డు, పనీరు, దోసకాయ ముక్కలు, జామ, అరటి, ఉడికించి మెదిపిన శనగలు. నాలుగేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

తగ్గించవలసినవి: బిస్కెట్లు, రస్కులు, చిప్స్, చిక్కీ, చాక్లెట్, జామ్, డబ్బా పళ్ళరసాలు. ఉప్పగా ఉండే చిప్స్‌కు పంటితో ఏం పని అనుకుంటాం. అవి గాడుల్లో అతుక్కుని కూర్చుంటాయి. పండు పండుగానే పెట్టండి. ఏడాది లోపు రసం అసలు వద్దు.

పండగకు అరిసెలు, పాయసం పెట్టకుండా ఉండలేం, ఉండాల్సిన పనీ లేదు. భోజనంతో కలిపి పెట్టండి, తర్వాత నీళ్ళు తాగించండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పోషణకు అవసరమైనదే, అందులో చక్కెర కూడా ఉంటుంది. దాన్ని సీసాలో పోయకుండా చెంచాతో, భోజనంలా ఒక వేళకు తినిపించండి.

మీరు రుచి చూసిన చెంచానే బిడ్డ నోట్లో పెట్టడం, ముద్ద నమిలి పెట్టడం, కిందపడిన పాలపీకను నోట్లో తుడిచి ఇవ్వడం మానండి. పుచ్చు చేసే సూక్ష్మజీవులు చాలావరకు మన ఉమ్మి ద్వారానే పిల్లలకు చేరతాయి. మీ పుచ్చుపళ్ళకు చికిత్స చేయించుకోవడమూ బిడ్డ కోసం చేసే పనే.

## 7. మందులు, నీళ్ళు

తియ్యటి సిరప్ రాత్రి బ్రష్షుకు ముందే వేయండి. చక్కెర లేని రకం ఉందా అని పిల్లల డాక్టరును అడగండి. ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ నీళ్ళతో నోరు కడిగించండి.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్ని ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే నీరు లేకపోతే 1.5 దాకా పరవాలేదని మన దేశ ప్రమాణం. నది నీళ్ళు తాగుతున్న ఇంట్లో పైన చెప్పిన పేస్టు కొలతలే సరిపోతాయి. బోరు నీళ్ళే తాగుతుంటే పరీక్ష చేయించి, ఆ అంకె పట్టుకుని దంతవైద్యులను అడిగి పేస్టు విషయం తేల్చుకోండి.

## 8. డాక్టరు దగ్గరకు: ఎప్పుడు, ఎలా

మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించాలి. నొప్పి వచ్చాక తీసుకెళితే ఆ కుర్చీకి, నొప్పికి ముడిపడిపోతుంది. దొరికితే పిల్లల దంతవైద్యుల దగ్గరకే వెళ్ళండి, బోర్డు మీద పీడోడాంటిస్ట్ అని ఉంటుంది.

ఖర్చుకు వెనకాడేవారికి: హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి చేసే పరీక్షల్లో పళ్ళు చూడటం కూడా ఉంది. వాళ్ళు వచ్చే రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచరును అడిగి ఆ రోజు తప్పకుండా పంపండి.

వెళ్ళే ముందు

- పొద్దుటి వేళ తీసుకోండి, నిద్ర వేళ వద్దు
- వాడుతున్న మందుల చీటీలు, నెలవారీ ఫోటోలు వెంట ఉంచుకోండి
- సూది, నొప్పి, పీకడం అనే మాటలు ఇంట్లో రానివ్వకండి. అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తానని బెదిరించే అలవాటు ఉంటే ఈ రోజే మానండి
- డాక్టరు బల్ల మీద కాకుండా మీ ఒడిలోనే చూస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి

అడగవలసిన ప్రశ్నలు

- తెల్ల గీతలు ఉన్నాయా? ఎక్కడెక్కడ?
- ఫ్లోరైడ్ వార్నిష్ పూయాలా? ఎన్ని నెలలకోసారి?
- ఈ పన్ను ఇంకా ఎన్నేళ్ళు ఉండాలి?
- చికిత్స ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

## 9. డాక్టరు చెప్పే చికిత్సల అర్థం

ఫ్లోరైడ్ వార్నిష్. పంటి మీద బ్రష్షుతో పూసే జిగురులాంటి మందు. నొప్పి ఉండదు, క్షణాల పని. ముప్పు ఉన్న పిల్లలకు మూడు నుంచి ఆరు నెలలకోసారి పూస్తారు. తెల్ల గీతల దశలో దీని ఉపయోగం ఎక్కువ.

సిల్వర్ డైమైన్ ఫ్లోరైడ్. 38 శాతం ద్రావణం. డ్రిల్లు, సూది లేకుండా పుచ్చు ముందుకు సాగకుండా ఆపుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేరింది. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, ముందే తెలుసుకుని ఒప్పుకోండి. కుర్చీలో కుదురుగా కూర్చోలేని రెండేళ్ళ బిడ్డకు ఇది పెద్ద ఊరట. నల్ల మచ్చ చూసి బంధువులు ఏమంటారో అని వద్దనకండి.

నింపడం, స్టీలు తొడుగు. చిన్న గుంటను సిమెంటుతో నింపుతారు. దవడ పన్ను రెండు మూడు వైపులా పుచ్చితే నింపినది నిలవదు, తొడుగే మేలు. డ్రిల్లు, మత్తు సూది లేకుండా తొడుగును నేరుగా పంటి మీద కూర్చోబెట్టే హాల్ పద్ధతి కూడా ఉంది. మీ బిడ్డ పంటికి అది కుదురుతుందా అని అడగండి.

నరం చికిత్స. పుచ్చు లోపలి నరాన్ని చేరితే దెబ్బతిన్న భాగం తీసి మందు నింపి తొడుగు వేస్తారు. పాలపంటికి ఇదెందుకని చాలామంది వెనకాడతారు. ఇంకా నాలుగైదేళ్ళు ఉండాల్సిన దవడ పన్ను అయితే చేయించండి.

పీకడం. తప్పనప్పుడే. దవడ పాలపన్ను ముందుగా తీయవలసి వస్తే, పక్క పళ్ళు ఆ చోటులోకి వాలకుండా ఖాళీని కాపాడే తీగ అవసరమా అని తప్పకుండా అడగండి. మా వాడికి తీసినవి ముందుపళ్ళు కాబట్టి ఆ అవసరం రాలేదు. కానీ బడిలో మూడేళ్ళు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

నొప్పికి లవంగ నూనె రాయడం. పెద్దలకు పనికొచ్చేదే అయినా పసివాళ్ళ చిగుళ్ళను కాలుస్తుంది, మింగితే విషమవుతుంది. బరువును బట్టి పిల్లల డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇచ్చి పంటి డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్ ఇవ్వకండి.

నొప్పి తగ్గగానే చికిత్స ఆపేయడం. నరం చచ్చిపోయినా నొప్పి తగ్గుతుంది. లోపల చీము పెరుగుతూనే ఉంటుంది.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయడం. పుచ్చిన భాగం అలాగే ఉంటే మందు ఆగగానే చీము తిరిగొస్తుంది.

రాత్రి బ్రష్షయ్యాక ఒక్క చెంచా పాలు, ఒక్క బిస్కెట్టు. ఇచ్చేశారా? మళ్ళీ బ్రష్ చేయండి. నాలుగుసార్లు ఇలా లేచి చేస్తే ఐదోసారి ఆ బిస్కెట్టు ఇంట్లో ఎవరూ ఇవ్వరు.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తులు

- బుగ్గ లేదా దవడ కింద వాపు, ముఖ్యంగా కంటి వైపు పాకుతుంటే
- వాపుతో పాటు జ్వరం
- నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరికి ఇబ్బంది

ఇవి ఉంటే రేపటిదాకా ఆగకండి, రాత్రయినా వెళ్ళండి.

## 11. ఆరో ఏడు దగ్గర పడుతున్నప్పుడు

ఐదున్నరేళ్ళ నుంచి చివరి దవడ పాలపన్ను వెనుక వేలు పెట్టి చూస్తూ ఉండండి. ఏ పన్నూ ఊడకుండానే అక్కడ ఒక కొత్త పన్ను చిగురును చీల్చుకుని వస్తుంది. చాలా ఇళ్ళలో దాన్ని ఇంకో పాలపన్ను అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత పన్ను, పుచ్చితే దాని స్థానంలో మరొకటి రాదు. సగం పైకి వచ్చినప్పుడు పక్క పళ్ళ కంటే కిందుగా ఉంటుంది కాబట్టి మామూలుగా తిప్పే బ్రష్షు దాన్ని తాకదు. బ్రష్షును బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి దాని ఒక్కదాని మీదే పదిసార్లు తిప్పండి. పూర్తిగా బయటికి వచ్చాక గాడులు మూసే సీలెంట్ పూతకు డాక్టరు దగ్గర సమయం తీసుకోండి.